నేను దాటిన తుపాకీ

కిందటి వారం మీరు మమ్మల్ని నరీన్ ఊరవతల, కాల్పుల మైదానం గేటు దగ్గర వదిలిపెట్టారు. నన్ను, మా మామయ్యను, మా మరిది మేదెర్‌ను. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తక్కినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. పోయిన అక్టోబరులో చోన్‌తాష్ లోయలోకి కొండమేకల వేటకు ముగ్గురు వెళ్ళారు. ఇద్దరు గుర్రాల మీద కూర్చుని తిరిగొచ్చారు. మూడో మనిషిని గుర్రం మీద అడ్డంగా వేసి తెచ్చారు. అతను నా భర్త ఎల్చిబెక్.

ఆ రోజు రెండు తుపాకులు ఒకేసారి పేలాయి. ఒకటి మామయ్యది. వాళ్ళ నాన్న యుద్ధం నుంచి తిరిగొచ్చాక సంపాదించుకున్న పాత తుపాకీ. రెండోది మా బావగారిది. దుర్భిణి బిగించిన కొత్త విదేశీ తుపాకీ. రెండూ తినేది ఒకే రకం తూటా. ఎల్చి ఛాతీలోంచి దూసుకుపోయిన గుండు ఏ రాళ్ళ సందులో పడిందో ఎంత వెతికినా దొరకలేదు. "నాదే" అన్నారు మామయ్య ఆ సాయంత్రమే, ఊరంతా వింటుండగా. ఏడాది అయింది, దానికి ఇంకో మాట కలపలేదు. సోమవారం కోర్టు. ఆయన అదే మాట అక్కడా అంటే డెబ్బై ఏళ్ళ మనిషి నేరుగా జైలుకు వెళతారు. జడ్జి మాత్రం మొండిగా, రెండు తుపాకులనూ పేల్చి చూసి ఏది ఎలా కొడుతుందో రాసి పంపమని మైదానానికి ఉత్తరం పెట్టాడు.

మా బావగారి పేరు తైలక్. మామయ్య అన్నగారి కొడుకు. ఆ పేరు రాయగలుగుతున్నాను గానీ నోటితో ఎన్నడూ అనలేదు. అత్తింటి పెద్ద మగవాళ్ళ పేర్లు కోడలు పలకదు. మా లోయలో వేట అనుమతులన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. ఊళ్ళో సగం గుర్రాలు ఆయన పని మీదే తిరుగుతాయి. ఆయనకు ఎదురు చెప్పినవాడు చలికాలంలో బొగ్గు కోసం కూడా ఇబ్బంది పడతాడు.

ఇక మీకు తెలిసి మామయ్యకు తెలియనిది ఒకటుంది. వేటకు ముందురోజు సాయంత్రం, ఇంటినిండా జనం. చేతిలో టీ గిన్నెతో గబగబా నడుస్తూ, దుప్పటి మీద పడుకోబెట్టిన మామయ్య తుపాకీని నేను దాటాను. ఆడది దాటితే తుపాకీ మూసుకుపోతుందంటారు. గురి చెడుతుంది, అర్చా అనే కొండచెట్టు కొమ్మ పొగ వేస్తేగాని తెరుచుకోదు. దాటితే ఏం చెయ్యాలో మా పిల్లలకు కూడా తెలుసు, వెంటనే చెప్పెయ్యాలి. అందరి ముందూ సిగ్గేసి నేను చెప్పలేదు. మర్నాడు ఎల్చి పోయాడు. ఏడాదిగా ఆ ఒక్క అడుగునే మళ్ళీ మళ్ళీ వేస్తున్నాను.

గేటు తీసింది దామిరా అక్క. మైదానం ఆవిడదే అనాలి. వయసులో ఉన్నప్పుడు గురిపోటీలకు దేశాలు తిరిగిన మనిషి. తూటాల చప్పుడుకు ఎడమ చెవి పోయింది, అందుకని లోకమంతా చెవిటిదనుకుని అరుస్తూ మాట్లాడుతుంది.

"కాగితంలో పేరున్నవాళ్ళే లోపలికి!" అంది మామయ్యతో. "సుయూన్ అన్నా, రా. నువ్వు చనిపోయిన అబ్బాయి భార్యవు కదూ, రామ్మా. తైలక్ ముందే వచ్చి కూర్చున్నాడు. నువ్వెవరు బాబూ, పొయ్యిలోంచి తీసిన మొహంతో?"

"ఆయన కొడుకుని" అన్నాడు మేదెర్. సరిహద్దు దళంలో పనిచేస్తాడు. అన్న సంవత్సరీకం విందు కోసం సెలవు మీద వచ్చాడు. వచ్చి మూడు రోజులైనా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా కూర్చుని తినలేదు.

"కొడుకువైనా పేరు లేదు. కారు దగ్గర నిలబడు. సిగరెట్టు కూడా అక్కడే. ఎండుగడ్డికి అంటించావంటే గురి అట్ట బదులు నిన్నే నిలబెట్టి కొడతా."

మేదెర్ కదలకుండా నా వైపు తిరిగాడు. "వదినా, ఆఖరుసారి అడుగుతున్నా. ఎవరి గుండు?"

"మీ నాన్నగారు చెప్పారుగా."

"నాన్న చెప్పింది వదిలెయ్. నేను పుట్టి ఇరవై ఆరేళ్ళయింది, నాన్న గురి తప్పడం ఒక్కసారి కూడా చూడలేదు. నీకు ఏదో తెలుసు. నీ మొహమే చెబుతోంది."

నా మొహం చెప్పేది వేరే సంగతి అని అతనికి ఎలా చెప్పను? తలవంచుకుని లోపలికి నడిచాను.

కప్పు వేసిన పొడవాటి సావడి, అందులో బల్ల. బల్ల మీద రెండు సంచులు, మూతుల దగ్గర లక్క ముద్రలు. దామిరా అక్క వాటిని అందరికీ చూపించింది. "పోయిన అక్టోబరు పదిహేడు, పొద్దున ఏడింటికి వేసిన సీలు. నిన్న పోలీసులు తెచ్చి నా ఇనుప బీరువాలో పెట్టి వెళ్ళారు. ఈ ఏడాదిలో వీటి మీద ఈగ కూడా వాలలేదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోక ఏం చేస్తాం?" బావగారు నవ్వారు. ఆయన నవ్వితే ఎవరికైనా నవ్వాలనిపిస్తుంది, అంత బాగా నవ్వుతారు. "ఏడాదిగా దాన్ని చూడలేదక్కా. పెళ్ళాన్ని పుట్టింటికి పంపినట్టుంది నాకు."

ముద్రలు పగలగొట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టింది. మామయ్య అటు చూడలేదు. తెల్లటోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, బెంచీ చివర కూర్చుని అవతలి బోడికొండల వైపు చూస్తున్నారు.

దామిరా అక్క ముందు పాతదాన్ని ఎత్తింది. "అబ్బో! దీన్ని మోస్తూ ఆ కొండలన్నీ ఎలా ఎక్కావన్నా?"

"మోసింది గుర్రం" అన్నారు మామయ్య.

"చెక్కకి ఏం పూశావు?"

"గొర్రె తోక కొవ్వు."

"అదీ సంగతి! నిన్నటి నుంచి నా బీరువాలో పెళ్ళివిందు వాసన." పాతదాన్ని దించి రెండోదాన్ని వేళ్ళతోనే లేపింది. "ఇది చూడు, దువ్వెనంత తేలిక. బోల్టు వెన్నలో కత్తిలా జారుతుంది. ఎండకు ఉబ్బే చెక్క లేదు, తుప్పు పట్టే ఇనుము లేదు. బాగుంది, కాదనను. కానీ తైలక్, ఆ ముసలిదానిలో చెడిపోవడానికి ఏముంది చెప్పు? ముందో ముల్లు, వెనకో గాడి. నీ కన్ను బాగుంటే దాని కన్ను బాగున్నట్టే. దీని కన్ను నాలుగు స్క్రూల మీద కూర్చుంది."

"ఆ కన్నే అక్కా, మూడొందల మీటర్ల దూరంలో మేక గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టేది."

"లెక్కపెడుతుంది, సరే. కన్ను ఒక వెంట్రుకంత పక్కకి జరిగితే ఎవరి గడ్డం లెక్కపెడుతుందో?"

బావగారు మళ్ళీ నవ్వారు, ఈసారి కాస్త ఆలస్యంగా.

దామిరా అక్క ఎర్రజెండా ఎగరేసి, ఇసుక సంచి మీద పాత తుపాకీని ఆనించి, బల్ల మీద బోర్లా వాలింది. నేను చెవులు మూసుకున్నాను. మూసుకున్నా ఏం లాభం, ఆ చప్పుడు కాళ్ళలోంచి వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. చాలాసేపు నిశ్శబ్దం. రెండోది. మళ్ళీ నిశ్శబ్దం. మూడోది.

నాకు భయం వేసింది. భయమంటే తుపాకీ చప్పుడుకు కలిగే భయం కాదు. ఈ వరస నేను ఎక్కడో విన్నాను. ఒకటి, ఆగడం, ఒకటి, ఆగడం. ఎక్కడ విన్నానో అందడం లేదు.

"అంతంతసేపు ఆగుతారెందుకక్కా?" అని అడిగాను.

"గొట్టం చల్లారొద్దూ? వేటలో అయితే టపటపా కొట్టేస్తారు. తుపాకీ సరిచూసుకునేవాడు మూడు కొడతాడు, ఆగి ఆగి. వెళ్ళి అట్ట చూసుకుంటాడు, స్క్రూ తిప్పుతాడు, వచ్చి మళ్ళీ మూడు. ఇంకే పనికీ ఎవడూ ఇలా పేల్చడమ్మా." తెల్లజెండా ఎగరేసింది. "అట్ట తీసుకురావాలి. రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు. తైలక్, నువ్వు వెళ్ళు. సుయూన్ అన్న వైపు నుంచి నువ్వెళ్ళమ్మా. ఒక్కరే వెళితే దారిలో అట్టకి కొత్త బొక్కలు పుడతాయి."

నూరు మీటర్లు. వెనక తుపాకులు, ముందు మట్టికట్ట, పక్కన బావగారు. గాలికి నా తలగుడ్డ రెపరెపలాడుతోంది. అట్ట దగ్గరకు వెళ్ళి చూశాను. నల్లచుక్క నడుమ మూడు రంధ్రాలు. మూడింటినీ కలిపి టీ గిన్నె అడుగుతో కప్పేయొచ్చు.

ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, సంతోషంతో ఏడ్చాను. తుపాకీ మూసుకుపోలేదు. నా అడుగుకి దాని గురి చెడలేదు. ఎల్చిని నేను చంపలేదు. ఏడాదిగా గుండెల మీద కూర్చున్న రాయి దిగిపోయేసరికి నోరు కూడా వదులైపోయింది. ఆలోచించకుండా అనేశాను.

"ఇప్పుడు గుర్తొచ్చింది బావగారూ. ఆయన్ని తెచ్చిన సాయంత్రం కూడా ఇలాగే వినిపించాయి. మన ఊరి దిబ్బ అవతల ఎవరో తుపాకీ సరిచూసుకున్నారు."

బావగారి చెయ్యి అట్ట మీద ఆగిపోయింది. నేను తల తిప్పి ఆయన మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. నవ్వు పోలేదు, అక్కడే ఉంది, కానీ దాని వెనక మనిషి లేడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ 'ఎవరో' ఎవరో.

ఆయన మేకులు ఒక్కొక్కటే నెమ్మదిగా పీకారు. "అమ్మాయ్, ఆ ముందురోజు నేను మీ ఇంట్లో తలుపుకి ఎదురుగా కూర్చున్నాను. నీ చేతిలో టీ గిన్నె. నీ కాలి కింద బాబాయి తుపాకీ. చూశాను."

నేను కింద పడ్డ మేకులు ఏరాను.

"పరువుగల ఇల్లని ఏడాదిగా కడుపులో పెట్టుకున్నా. ముసలాయనకి చెప్పమంటావా? కొడుకుని చంపింది ఆయన చెయ్యి కాదు, నీ కాలు అని? ఆ తర్వాత ఆ ఇంట్లో నీకు చోటుంటుందా? నీ కూతురికి ఉంటుందా?"

"తుపాకీ... సూటిగానే ఉంది కదా" అన్నాను.

"ఇవాళ ఉంది. ఏడాది పోలీసు బీరువాలో పడుకుని తెరుచుకుంది. ఆ రోజు ఎలా ఉందో ఎవరికి తెలుసు?" అట్టను చుట్టి నా చేతికిచ్చారు. "జాగ్రత్తగా పట్టుకో. గాలి ఎక్కువగా ఉంది."

తిరిగి నడిచాను. దిగిన రాయి మళ్ళీ ఎక్కి కూర్చుంది, ఈసారి దాని పక్కన ఇంకోటి. నోరు తెరిస్తే ఇల్లు పోతుంది. మూసుకుంటే మామయ్య పోతారు.

కొత్త తుపాకీకి దామిరా అక్క పెట్టిన మూడు రంధ్రాలూ నల్లచుక్క నడుమే బొటనవేలి కింద ఇమిడిపోయాయి. "చూశావా అక్కా!" అని బావగారు చప్పట్లు కొట్టారు. ఆవిడ చూడలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దుర్భిణిని పట్టి ఉంచిన వలయాలను దగ్గరగా పరీక్షిస్తోంది. ఒక స్క్రూ మీద గోరుతో గీసింది. రెండు తుపాకుల బోల్టులూ తెరిచి బల్ల మీద పెట్టి, "రండి, కాగితం రాద్దాం. చలేస్తోంది" అంటూ గదిలోకి నడిచింది.

గది చిన్నది. ఇనుప పొయ్యి, మేజా, నాలుగు స్టూళ్ళు. పొగ పోవడానికి కిటికీ బారుగా తెరిచి ఉంది. ఆవిడ అందరికీ పాలు కలిపిన టీ పోసి, రెండు అట్టలనూ గోడకు గుచ్చి, కళ్ళజోడు దించుకుంది.

"తైలక్, పోయిన ఏడు వేటకి నాలుగు రోజుల ముందు నీ తుపాకీని ఇక్కడ నేనే సరిచేశాను. అవునా?"

"అవునక్కా."

"తర్వాత దుర్భిణిని ఎవరైనా విప్పారా, బిగించారా?"

"వేలు కూడా పెట్టలేదు. నీ చేతి పని మీద ఇంకొకడు వేలు పెడతాడా?"

"రాసుకుంటున్నా. వేలు... పెట్టలేదు." నింపాదిగా రాసింది. "నాకో అలవాటుంది. నేను సరిచేసిన ప్రతి తుపాకీకీ స్క్రూ మీద, వలయం మీద కలిసేలా గోళ్ళరంగు చుక్క పెడతా. ఏడాదికో రంగు. పోయిన ఏడు మా మనవరాలి ఎర్రరంగు. స్క్రూ కదిలితే చుక్క పగులుతుంది. నీ తుపాకీకి నాలుగు చుక్కలూ పగిలాయి తమ్ముడూ."

పొయ్యిలో బొగ్గు చిటపటమంది. బావగారు టీ ఒక గుక్క తాగారు.

"ఆ... ఇప్పుడు గుర్తొచ్చింది. వేటకి ముందురోజు తుపాకీ గుర్రం మీంచి జారిపడింది. కాస్త వదులైతే బిగించుకున్నా. అంతే."

"పేల్చి చూసుకున్నావా?"

"లేదు. బాగానే ఉందనిపించింది."

"అనిపించింది!" దామిరా అక్క గోడ మీది అట్ట వైపు కలంతో చూపించింది. "కిందపడి, పేల్చి చూడకుండా బిగించిన దుర్భిణి మూడు గుళ్ళని చుక్క నడుమ బొటనవేలంత చోటులో పెడుతుందా? దీన్ని ఎవడో కూర్చుని ఓపిగ్గా సరిచేశాడు. పదిహేడో తారీకు పొద్దున సీలు పడింది. అంతకు ముందే సరిచేశాడు. ఎప్పుడు?"

బావగారు జవాబు చెప్పేలోపు మామయ్య లేచారు. "చాలమ్మా దామిరా. ఏ తుపాకీ బాగుందో తేల్చుకుని ఏం చేస్తాం? గుండు నాది. కన్ను మసకేసింది. కలం ఇలా ఇవ్వు, సంతకం పెడతా."

కలం తీసుకున్నారు. కాగితం తనవైపు లాక్కున్నారు. బావగారు నా వైపు చూశారు, ఊరికే, ఆవలిస్తూ చూసినట్టు.

నా లోపల ఏదో తెగిపోయింది. ధైర్యం అని మాత్రం అనుకోకండి. భయం చివరికంటా వెళ్ళిపోతే ఇక పోవడానికి చోటుండదు.

"మామయ్యా, సంతకం పెట్టకండి. ముందు నేనొకటి చెప్పాలి. మీ తుపాకీని దాటాను. వేటకి ముందు సాయంత్రం. టీ ఇస్తూ. సిగ్గుపడి చెప్పలేదు. నన్ను ఇంట్లోంచి పంపించేస్తే పంపించెయ్యండి. కానీ ఇది కూడా వినండి." ఆయన కలం ఆగింది. "ఆయన్ని తెచ్చిన సాయంత్రం, విధవలను కూర్చోబెట్టినట్టే నన్ను గుడారంలో గోడకేసి తిప్పి కూర్చోబెట్టారు. శోకం పాడుతున్నాను. ఊపిరి కోసం ఆగినప్పుడల్లా దిబ్బ అవతలి నుంచి తుపాకీ వినపడింది. ఆగి ఆగి మూడు. చాలాసేపటికి మళ్ళీ మూడు. ఊళ్ళో మగవాళ్ళంతా బయట గుడారం తాళ్ళు కడుతున్నారు. లేనిది ఒక్కరే. చావు విందుకి గొర్రెలు తెస్తానని వెళ్ళింది ఆయనే."

"ఆయనంటే ఎవరమ్మా?" అంది దామిరా అక్క, కలం పట్టుకుని.

"ఆయనే... ఆయన."

"కాగితంలో 'ఆయన' అని రాస్తే జడ్జి నా తల తీస్తాడు. పేరు చెప్పు."

పెళ్ళయిన ఆరేళ్ళుగా ఆ పేరు నా పెదాల మీదికి రాలేదు. చిన్నగా అన్నాను.

"వినపడలేదు. ఈ చెవి ఎప్పుడో చచ్చింది. గట్టిగా!"

"తైలక్!" అని అరిచాను. "తైలక్ దిబ్బ వెనక తుపాకీ సరిచేసుకున్నాడు! నా మొగుడి శవం ఇంకా చల్లారకముందే!"

కోడలు బావ పేరు పెట్టి అరవడం ఆ గోడలు ఎన్నడూ విని ఉండవు. నా చెవులు నాకే మండిపోయాయి.

బావగారు టీ గిన్నెను జాగ్రత్తగా మేజా మీద పెట్టారు. "విన్నావా బాబాయ్, నీ కోడలి మర్యాద? ముందు తుపాకీని దాటింది. ఇప్పుడు నన్ను దాటుతోంది. గోడకేసి ఏడుస్తూ విన్న చప్పుళ్ళట! కోర్టులో చెప్పుకోమను, అక్కడా కాస్త నవ్వుకుంటారు." లేచి, తలుపు దగ్గర నా పక్కన ఆగారు. గొంతు బాగా తగ్గించారు. "సోమవారానికి ఇంకా నాలుగు రోజులుంది అమ్మాయ్. మన ఊరికి దారి ఒక్కటే."

తలుపు మూసుకుంది. బయట కంకర మీద ఆయన అడుగులు తొందర లేకుండా దూరమయ్యాయి. దామిరా అక్క ఏదో తిట్టు తిట్టి పొయ్యి తలుపు తన్నింది. నేను మామయ్య మొహం వైపు చూడలేక ఆయన బూట్ల వైపు చూస్తున్నాను.

"నువ్వు దాటడం నేను చూశాను" అన్నారు మామయ్య.

తలెత్తాను.

"చూశాను తల్లీ. సిగ్గుపడుతున్నావని ఊరుకున్నా. తెల్లారకముందే లేచి అర్చా పొగ వేశాను. ఏడాదంతా దాన్ని మోస్తున్నావని నాకేం తెలుసు? ఒక్కమాట అడిగి ఉంటే పోయేది. నేనూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఆ మూడు చప్పుళ్ళు నేనూ విన్నాను" అన్నారాయన. "వినకపోయినా నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం నా గుండు కొండమేక కొమ్ముకి తగిలింది. కొమ్ము పెచ్చు లేచి దుమ్ము రేగడం ఈ కళ్ళతో చూశా. నా కళ్ళకి ఏ మసకా లేదు."

"అన్నా!" దామిరా అక్క లేచి నిలబడింది. "తెలిసి ఎందుకు ఒప్పుకున్నావు? వాడి తప్పు నెత్తినేసుకుని జైలుకి పోతావా?"

"అది పొరపాటేనమ్మా. కావాలని కొట్టలేదు వాడు. పడిపోయిన తుపాకీని చూసుకోకుండా పేల్చాడు, తర్వాత పిరికివాడై దాచాడు. కానీ మేదెర్‌కి తెలిస్తే పొరపాటు అంటాడా? అన్నంటే ప్రాణం వాడికి. వాడు మా నాన్న పోలిక, మాట కన్నా ముందు చెయ్యి లేస్తుంది. ఒకడు మట్టిలో ఉన్నాడు. రెండోవాడు హంతకుడై జైలుకి పోతే నాకు మిగిలేదేంటి? ముసలాణ్ణి, నేను పోతే పోయేదేముంది? అందుకే నాదన్నాను. తండ్రి చేతిలో పొరపాటున పోయాడంటే వాడు ఏడుస్తాడు, అంతే. ఎవర్నీ చంపడు." చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు. "వాడు కారు దగ్గరుండడం మంచిదయింది."

అప్పుడే నాకు సిగరెట్టు వాసన వచ్చింది. తెరిచిన కిటికీలోంచి సన్నటి పొగ తీగలా లోపలికి వస్తోంది. నేను వెళ్ళి తొంగి చూశాను. కిటికీ కింద గోడవార మూడు సిగరెట్టు ముక్కలున్నాయి. ఒకటి ఇంకా కాలుతోంది. మనిషి లేడు.

"మేదెర్" అన్నాను. పేరు కంటే ఎక్కువ చెప్పలేకపోయాను.

ముగ్గురం ఒకరినొకరు తోసుకుంటూ బయటికొచ్చాం. బల్ల మీద కొత్త తుపాకీ ఒక్కటే ఉంది. తూటాల పెట్టె మూత తీసి ఉంది. "నా కొంప ముంచావు దామిరా" అని దామిరా అక్క తనను తానే తిట్టుకుంది. "ముప్పై ఏళ్ళలో ఈ బల్లని ఒక్కసారి ఒంటరిగా వదిలితే!"

మేదెర్ మా కారు పక్కన మోకాలి మీద ఉన్నాడు. పాత తుపాకీ గొట్టం బానెట్ మీద ఆనింది. చెంప చెక్కకు అతికించినట్టు ఉంది. అతని ముందు, గేటు దాటి బావగారి జీపు దాకా వెళ్ళే దారి. ఆ దారిలో బావగారు నడుస్తున్నారు, చేతులు జేబుల్లో పెట్టుకుని, వెనక్కి చూడకుండా. నూరు మీటర్లు ఉంటుంది. అంత దూరంలో ఆ తుపాకీ ఏం చేస్తుందో ఇందాక చూసి నేను సంతోషంతో ఏడ్చాను. ఇప్పుడు అది గురి తప్పాలని దేవుణ్ణి వేడుకున్నాను.

"మేదెర్! వద్దురా!" మామయ్య అరిచారు.

మేదెర్ తల తిప్పలేదు. "నువ్వు అబద్ధమాడావు నాన్నా" అన్నాడు, కంటిని గాడి మీంచి తియ్యకుండా. "ఏడాది పాటు నన్ను నీ మీద కోపంతో బతకనిచ్చావు."

దామిరా అక్క ఎర్రజెండా తాడు పట్టుకుంది, ఏం చెయ్యాలో తెలియక వదిలేసింది. నేను పరిగెత్తబోయాను. నాకంటే ముందు మామయ్య కదిలారు. కొడుకు వైపు వెళ్ళలేదు ఆయన. టోపీ కూడా పెట్టుకోకుండా, కుంటుతూ కంకర మీదుగా అడ్డంగా నడిచి దారి మధ్యలోకి వెళ్ళి, తైలక్‌కీ తుపాకీకీ నడుమ, కొడుకు వైపు మొహం పెట్టి నిలబడ్డారు. రెండు చేతులూ పక్కలకు చాపారు.

"కొట్టాలంటే నాలోంచి కొట్టు" అన్నారు.

వెనక తైలక్ ఆ గొంతు విని ఆగారు, తిరిగి చూశారు. మామయ్య తెల్లజుట్టు గాలికి ఎగురుతోంది. ఆయన ఛాతీ మీద గుండీ ఒకటి ఊడి ఉంది, పొద్దున కుట్టాలనుకుని మరిచిపోయాను.

మేదెర్ తుపాకీ దించలేదు.